పావురాలవాడి సాక్ష్యం

మనం ఇన్‌సాఫ్‌ను డాబా మీద వదిలేసి వచ్చాం. ముందురోజు సాయంత్రమే బిగించిన సోలార్ పలకలు తెల్లారేసరికి బద్దలై పడి ఉంటే, ఆ పెంకుల మధ్య చతికిలబడి, ఏడవడం కూడా మర్చిపోయి కూర్చుంది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క మాట. ట్రిపోలీ రేవుపేట మీనాలో సర్కారు కరెంటు చుట్టపుచూపుగా వచ్చి పోతుంది. మిగతా పొద్దంతా అబూ గాలిబ్ డీజిల్ జనరేటరే దిక్కు. వీధి మొగలో రేకుల షెడ్డులో ఉంటుందది. వీధికి వెలుగిస్తుంది, వెలుగుతో పాటు మసీ ఇస్తుంది. ఆ మసి సర్కారు కళ్ళ పడాలని ఇన్‌సాఫ్ ప్రతి బాల్కనీకీ ఓ తెల్ల దుప్పటి కట్టించింది. అవి నల్లబడ్డాక ఆడవాళ్ళ భుజాన వేయించి మునిసిపాలిటీ మెట్లెక్కించింది. ఆ దుప్పట్లలోంచే పుట్టింది డాబాల మీద పలకల మాట. మొదటి డాబా ఇన్‌సాఫ్ ఇంటిదే. అదే ఇప్పుడు పెంకుల దిబ్బ.

మధ్యాహ్నం నమాజు అయ్యేసరికి ఆమె ఇల్లు జనంతో నిండిపోయింది. కుర్చీలు చాలక కొందరు మెట్ల మీదే కూర్చున్నారు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళు తక్కువ, తప్పుకోవడానికి వచ్చినవాళ్ళు ఎక్కువ. ఆ సంగతి వాళ్ళు కాఫీ తాగే తీరులోనే తెలిసిపోతోంది. కప్పు ఇలా అందుకుని, మూతి తడిపి, అలా కింద పెట్టేస్తున్నారు.

లోపలి గదిలో ఆమె భర్త రుష్దీ, ఆక్సిజన్ మిషను గొట్టం ముక్కుకు తగిలించుకుని పడుకున్నాడు. ఒకప్పుడు రేవులో పడవలు చెక్కిన వడ్రంగి. ఇప్పుడు ఆ మిషను ఆగితే అతని ఊపిరాగుతుంది. మిషను తిరిగేది అబూ గాలిబ్ లైను మీదే. "పలకలు బిగించిన ఇంటికి నా వైరుండదు" అని అబూ గాలిబ్ ముందే వీధంతా చాటించాడు. ఇంకా కొయ్యలేదు. ఎప్పుడు కోస్తాడో తెలీదు. ఇన్‌సాఫ్ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండి, చెవి మాత్రం లోపలి గదికి వేసి ఉంచింది.

కింది అంతస్తు ఉమ్మ్ ఎలియాస్ ముందుగా నోరు విప్పింది. "ఏమీ అనుకోకు ఇన్‌సాఫ్. మా డాబా సంగతి కాస్త ఆగి చూద్దాం."

"ఆగితే ఏమవుతుంది? మసి తెల్లబడుతుందా?"

"తెల్లబడదమ్మా. మసి నన్ను మెల్లగా చంపుతుంది. ఫ్రిజ్ ఆగితే, అందులో ఇన్సులిన్ పాడైతే, ఈ వారమే పోతాను. మెల్లగా పోవడానికి ఒప్పుకున్నాను, ఏం చెయ్యను?"

ఎవరో నవ్వారు. నవ్వినవాళ్ళే తలలు దించుకున్నారు. బడి నుంచి రిటైరైన నఖూలా మాస్టారు గొంతు సవరించుకుని, "ఉద్యమం అన్నాక ఆటుపోట్లుంటాయి. కొన్నాళ్ళు..." అని మొదలుపెట్టాడు.

"మాస్టారూ, మీరు కూడానా?" అంది ఇన్‌సాఫ్. ఆయన కాఫీ కప్పులోకి చూసుకున్నాడు.

జనానికి పొగంటే భయం. ఆ భయమే వాళ్ళను మునిసిపాలిటీ దాకా నడిపించింది. కానీ చీకటంటే అంతకు మించిన భయం. రెండు భయాలు కుస్తీ పడితే పాత భయమే గెలుస్తుంది. గాలిని బాగుచేస్తామని సభల్లో ఊగిపోయే పెద్దమనుషులకు ఈ ముక్క ఎవరూ చెప్పరు. మనిషిని పొగలోంచి బయటికి లాగాలంటే, ముందు వాడి ఫ్రిజ్‌కు పూచీ పడాలి.

ఇన్‌సాఫ్‌కు అది తెలుసు. తెలిసీ చేతిలో ఏమీ లేదు. పలకలు వచ్చాయి గానీ బ్యాటరీలు రాలేదు. రేవులోనే ఎక్కడో ఇరుక్కుపోయాయట. అవి వచ్చేదాకా ఆగుదామని కూతురు లమీస్ అంది. ఇన్‌సాఫ్ వినలేదు. పలకలు పైకెక్కి ఎండలో తళతళలాడితే వీధిలో ధైర్యం పుడుతుందనుకుంది. పుట్టింది కూడా. ఒక్క సాయంత్రం.

"ఇంతమందిలో ఒక్కరూ చూడలేదా?" అంది ఆమె. "పలకలు పగులుతుంటే చప్పుడవదా? అందరూ చెవుల్లో దూది పెట్టుకున్నారా?"

"దీబ్ చూసుంటాడు," అన్నారెవరో గుమ్మం దగ్గర. "వాడి డాబా పక్కదేగా. తెల్లారకముందే పావురాలకు గింజలు వేస్తుంటాడు."

దీబ్‌ను పిలుచుకొచ్చారు. నెరిసిన గడ్డం, చొక్కా నిండా గింజల పొట్టు. పెళ్ళి లేదు, పావురాలే సంసారం. పక్కవాడి పావురం తన గూట్లో కువకువలాడుతుండగానే "నా దగ్గర లేదు, అల్లా మీద ఒట్టు" అనగలవాడు పావురాలవాడు. అందుకే కోర్టులో వాడి సాక్ష్యం చెల్లదంటారు మీనాలో. వాడికి పిల్లనివ్వరు, వాడి మాట మీద చేపల బుట్ట కూడా కొనరు. అలాంటి దీబ్‌కు ఆ మధ్యాహ్నం కుర్చీ ఇచ్చారు.

"దీబన్నా," అంది ఇన్‌సాఫ్, "పొద్దున మా డాబా మీద ఎవరున్నారు?"

దీబ్ కూర్చోలేదు. జనాన్ని చూశాడు. వంటింటి గుమ్మంలో ట్రే పట్టుకుని నిలబడ్డ లమీస్‌ను చూశాడు. చూపు దించుకున్నాడు.

"ఇంతమందిలో అడుగుతావేంటి చెల్లెమ్మా?"

"ఇంతమందిలోనే చెప్పాలి."

"హసీబ్," అన్నాడు దీబ్. "హసీబే అనుకుంటా. ఆఁ, హసీబే."

హసీబ్ అంటే అబూ గాలిబ్ మెకానిక్. స్తంభాలెక్కి వైర్లు కలిపేదీ, డబ్బు కట్టని ఇళ్ళకు వైర్లు కోసేదీ అతనే.

గదిలో ఒక్కసారిగా మంట లేచింది. ఇంతసేపూ కప్పుల్లోకి చూసుకున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. "చూశావా, మనల్ని గొడ్లనుకున్నాడు!" అన్నారు. "పలకలకే ఇలా చేస్తే రేపు మనుషులకు చెయ్యడా?" అన్నారు. నఖూలా మాస్టారు బల్ల చరిచాడు. ఉమ్మ్ ఎలియాస్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "రేపే బిగించండి మా డాబా మీద. ఎవడొచ్చి పగలగొడతాడో కుర్చీ వేసుకుని కూర్చుంటాను," అంది.

"ఇన్సులిన్?" అన్నారెవరో ఎగతాళిగా.

"ఐస్ కొనుక్కుంటాను, నీకేం?"

ఇన్‌సాఫ్ గుండె ఎగిరింది. ఇంతసేపూ మాటలకు కదలని జనం ఒక్క పేరుతో కదిలారు. ఆ పేరు చెప్పింది పావురాలవాడన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆమెకు వచ్చింది. పక్కకు నెట్టేసింది.

అప్పుడే మెట్ల మీద దగ్గు వినబడింది. జనం పక్కకు తప్పుకున్నారు. అబూ గాలిబ్. లావాటి మనిషి, చేతిలో తాళాల గుత్తి, మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టు ఎక్కి ఆయాసపడుతున్నాడు. పిలవని ఇంటికి వచ్చినా, వచ్చిన వెంటనే సలామ్ చెప్పి, దీబ్ కూర్చోకుండా వదిలేసిన కుర్చీలో తను కూర్చున్నాడు.

"రుష్దీకెలా ఉంది వదినా?"

"మీ దయవల్ల దగ్గుతున్నాడు," అంది ఇన్‌సాఫ్.

"కాఫీ ఇవ్వవా? శత్రువుకైనా కాఫీ ఇస్తారే మనలో."

లమీస్ కాఫీ తెచ్చి పెట్టింది. కప్పు సాసరు మీద గలగలలాడింది. అబూ గాలిబ్ తాగలేదు.

"మావాడు పగలగొట్టాడని వీధిలో వినబడింది. ఎవరు చెప్పారు?"

అందరూ దీబ్ వైపు చూశారు. అబూ గాలిబ్ కడుపు ఊగేలా నవ్వాడు. "వీడా! వారెవ్వా! పావురాలవాడి సాక్ష్యం ఎప్పట్నుంచి చెల్లుతోంది మీనాలో? మాస్టారూ, మీ పావురం వీడి గూట్లో దొరికిన రోజు వీడు ఎన్ని ఒట్లు పెట్టుకున్నాడు, మర్చిపోయారా?"

"నువ్వు బెదిరించలేదా?" మాస్టారు తడబడ్డాడు.

"బెదిరించాను. కాదన్నానా? మీరు పలకలు పెట్టుకుంటే నేను కరెంటు ఎవరికి అమ్మను, నా పిల్లలకేం పెట్టను? మసి మసి అంటారు. సర్కారు చేతులెత్తేసిన రోజుల్లో మీ ఇళ్ళల్లో దీపం ఎవడు పెట్టాడు? అప్పుడు నా మసి మీకు అత్తరులా ఉండేది."

"ఆ అత్తరు పీల్చే మా ఆయన పోయాడు," అంది ఉమ్మ్ ఎలియాస్.

అబూ గాలిబ్ ముఖం ఎర్రబడింది. ఇన్‌సాఫ్ వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "వదినా, నీ బుర్రతో ఆలోచించు. నీ పలకల పీడ నాకు వదలాలంటే చీకట్లో నా మనిషిని డాబా ఎక్కించాలా? నా చేతిలో స్విచ్చుంది. ఒక్క వేలు కదిపితే చాలు, నువ్వే పైకెక్కి వాటిని ఊడదీసి నా కాళ్ళ దగ్గర పెడతావు. కదపలేదు. ఎందుకు? ఆ గదిలో పడుకున్నవాడితో కలిసి సముద్రానికి వెళ్ళిన రోజులున్నాయి గనక."

మాట సూదిలా దిగింది. నిజమే కదా, స్విచ్చున్నవాడికి సుత్తెందుకు?

అబూ గాలిబ్ మోకాళ్ళ మీద చేతులు వేసి లేచాడు. "కానీ ఒకటి. హసీబ్ నా చెల్లెలి కొడుకు. వాడి మీద చెయ్యి పడిందంటే ఇక నాకు స్నేహాలు లేవు, రుష్దీ లేడు. జనరేటర్ ఆపి, తాళం వేసి ఇంటికి పోతాను. మీరూ మీ సూర్యుడూ చూసుకోండి."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అతని దగ్గు వినబడనంత దూరం పోగానే కుర్రాళ్ళు బుసకొట్టారు. "హసీబ్‌ను ఇక్కడికి లాక్కొస్తాం. మనందరి ముందూ ఒప్పుకోనీ."

వద్దనడానికి ఇన్‌సాఫ్‌కు ఒక్క క్షణం పట్టేది. ఆ క్షణంలో ఆమె వాళ్ళ ముఖాలు చూసింది. ఎన్నాళ్ళుగా రాజేసినా రాజుకోని మంట. ఇప్పుడు నీళ్ళు పోస్తే మళ్ళీ రాజుకుంటుందా?

"మాట్లాడండి. మాట్లాడే రండి," అంది. అంతకంటే అనలేదు.

గది ఖాళీ అయింది. మాస్టారూ వెళ్ళాడు, ఉమ్మ్ ఎలియాస్ కూడా కర్ర పట్టుకుని వెళ్ళింది. దీబ్ మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి చొక్కా మీది పొట్టు దులుపుకుంటున్నాడు. దులిపిన చోటే దులుపుతున్నాడు.

"ఇంకేంటి దీబన్నా?"

"ఆ కుర్రాణ్ణి కొడతారా?"

"కొట్టరు. మాట్లాడతారు."

"కొడతారు చెల్లెమ్మా. నువ్వూ ఎరుగుదువు." దీబ్ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "వాడు కాదు."

"ఏం కాదు?"

"హసీబ్ కాదు. వాణ్ణి నేను చూడలేదు. అంతమందిలో నిలబెట్టి అడిగావు. ఏం చెప్పను? నాకు అబద్ధాలు అలవాటే, నాలుక మీద ఇంకొకటి బరువేం కాదనుకున్నాను. మనిషి మీదికి పోతారనుకోలేదు."

"మరి ఎవర్ని చూశావు?"

దీబ్ వంటింటి వైపు తలతిప్పాడు.

"నువ్వు అబద్ధాలకోరువి!" ఇన్‌సాఫ్ అతని మీదికి వెళ్ళింది. "ఊరంతా ఊరికే అనలేదు. గడియకో మాట! అబూ గాలిబ్ ఎంత పడేశాడు నీకు?"

"బావుందమ్మా," అన్నాడు దీబ్. కోపం లేదు, అలసట ఉంది. "అబద్ధం చెప్పినప్పుడు కుర్చీ వేశారు. నిజం చెబితే అబద్ధాలకోరునయ్యాను. నేను పోయి వీధిలో చెప్పినా ఇంతే. అందుకే నీకు చెబుతున్నాను."

వంటింట్లో కప్పులు కడుగుతున్న చప్పుడు ఆగింది. లమీస్ బయటికి వచ్చింది. మందులషాపులో పనిచేసే పిల్ల, నెమ్మదస్తురాలు, గొంతు పెంచి ఎరగదు. తడిచేతులు పావడాకు తుడుచుకుని కుడి అరచెయ్యి తెరిచి తల్లి ముందు పెట్టింది. గాజు కోసిన గీతలు, ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"దీబ్ మావయ్యని తిట్టకమ్మా."

ఇన్‌సాఫ్ గోడకు ఆనుకుంది. కూతురి చెయ్యి చూసింది, మొహం చూసింది, మళ్ళీ చెయ్యి చూసింది. "నువ్వా? దుప్పట్లు కుట్టినదానివి నువ్వు! నాతో మునిసిపాలిటీకి నడిచినదానివి నువ్వు!"

"నడిచాను. మళ్ళీ నడుస్తాను. ఆ మసి నాన్న ఛాతీలో ఎంతుందో నాకు తెలీదా? రోజూ ఆయన వేలికి ఆ ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి చూసేది నేను. బ్యాటరీలు రాలేదమ్మా. నువ్వు పలకలు బిగించేశావు. పలకలకీ బ్యాటరీలకీ మధ్య నాన్న పడుకుని ఉన్నాడు. ఆ మధ్యలో లైను కోస్తే? ఆగుదామంటే నువ్వు ఏమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. వీధికి చూపించాలి, అంది.

"రాత్రంతా నిద్ర లేదు. జనరేటర్ చప్పుడు తగ్గినట్టనిపిస్తే లేచి కూర్చున్నాను. పలకలు లేకపోతే కోయడుగా అనుకున్నాను. అంతే. ఇంకేమీ అనుకోలేదు. నీతో చెబుదామనే ఉన్నాను, ఇంతలో జనం వచ్చేశారు."

కొట్టడానికి ఇన్‌సాఫ్ చెయ్యి లేవలేదు. తను చేసిన తొందరే ఆ అరచేతిలో గీతలు గీసిందని తోచింది. మరో సంగతి కూడా గుర్తొచ్చింది. వీధిలో ఫ్యూజు పోయినప్పుడల్లా రుష్దీ మిషను ఆగిపోతోందని తెలిసి, వానలో స్తంభమెక్కి, దానికి విడిగా వైరు లాగి ఇచ్చింది ఎవరు? హసీబే.

కింద వీధిలోంచి కేకలు వినబడ్డాయి. మాట్లాడుతున్న గొంతులు కావవి.

"దొరికినట్టున్నాడు," అన్నాడు దీబ్.

లమీస్ చెప్పులు వెతుక్కుంది. "నేను దిగి చెప్పేస్తాను."

"ఆగు!" ఇన్‌సాఫ్ గుమ్మానికి అడ్డం నిలబడింది. ఎందుకు నిలబడిందో తనకే తెలీదు. కూతుర్ని కాపాడడానికా, పలకల్ని కాపాడడానికా? ఈ నిజం వీధిలోకి దిగితే రేపు ఏ డాబా మీదా ఒక్క పలక లేవదు. నాయకురాలి ఇంటివాళ్ళే నమ్మనిదాన్ని మేమెలా నమ్మాలంటారు. అనకుండా ఎలా ఉంటారు? దిగకపోతే, ఆ వైరు లాగిన చెయ్యి విరుగుతుంది.

"అమ్మా, అడ్డు లే."

అప్పుడు ఆ చప్పుడు ఆగింది.

పుట్టినప్పట్నుంచి పిల్లలు వింటూ పెరిగిన చప్పుడు, మాటల వెనకా పాటల వెనకా నిద్రల వెనకా ఉండే ఆ జనరేటర్ డుగడుగ, ఒక్కసారి గుటక వేసినట్టు ఆగిపోయింది. వీధిలో కేకలూ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో లోపలి గదిలోంచి మిషను కీచుమని అరవడం మొదలుపెట్టింది.

తల్లీ కూతుళ్ళు పరిగెత్తారు. రుష్దీ కళ్ళు పెద్దవి చేసి తలుపు వైపే చూస్తున్నాడు. నోరు నీళ్ళలోంచి తీసిన చేపలా తెరుచుకుంటోంది. లమీస్ మంచం కిందనుంచి సిలిండరు లాగి గొట్టం మార్చింది. గాలి ఎంత మిగిలిందో చెప్పే ముల్లు చూసింది. ఎర్రగీత దగ్గరే ఆడుతోంది.

"ఎంతసేపొస్తుంది?" అంది ఇన్‌సాఫ్.

లమీస్ తండ్రి మణికట్టు పట్టుకుని కూర్చుంది.

ఇన్‌సాఫ్ బాల్కనీలోకి వచ్చింది. కింద జనం మధ్యలో హసీబ్, చొక్కా చిరిగి, పెదవి పగిలి, ఇద్దరు కుర్రాళ్ళ చేతుల్లో వేలాడుతున్నాడు. నఖూలా మాస్టారు "ఆగండి, ఆగండ్రా" అంటున్నాడు గానీ ఆయన గొంతు ఆయనకే వినబడనట్టుంది. షెడ్డు ముందు అబూ గాలిబ్ నిలబడ్డాడు. వెనక తలుపుకు తాళం వేసి ఉంది. తాళంచెవి అతని పిడికిట్లో ఉంది.

ఆమెను చూసి అందరూ తలలెత్తారు.

"ఒప్పుకోవట్లేదు ఇన్‌సాఫ్!" అరిచాడో కుర్రాడు. "నువ్వు చెప్పు, ఏం చెయ్యమంటావు?"

ఆమె రెయిలింగు పట్టుకుంది. ఈ వీధిని మాటతో కదిలించడం ఆమెకు కొత్త కాదు. ఆపడమే కొత్త.

"హసీబ్ కాదు," అంది. మళ్ళీ అంది, గట్టిగా. "వాడు కాదు. వదిలేయండి. తప్పు నాది. కనుక్కోకుండా మిమ్మల్ని పంపాను."

కుర్రాళ్ళ చేతులు సడలాయి. హసీబ్ గోడకు జారగిలబడి నోటి రక్తం తుడుచుకున్నాడు. ఉమ్మ్ ఎలియాస్ చేతికర్ర మీద వంగి, పైకి, ఇన్‌సాఫ్ ముఖంలోకి చూసింది. "మరి ఎవరే తల్లీ?"

"అదీ, అలా అడగండి," అన్నాడు అబూ గాలిబ్. బాల్కనీ కిందికి నడిచి వచ్చాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, దవడ బిగిసి ఉంది. "నా మేనల్లుణ్ణి వీధిలో కుక్కను కొట్టినట్టు కొట్టారు. కాదంటే చాలదు వదినా. నీకు తెలుసు, నీ ముఖం చెబుతోంది. ఎవరో పేరు చెప్పు, వీళ్ళందరూ వినేలా. చెప్పిన మరుక్షణం మోటారు తిరుగుతుంది."

"అబూ గాలిబ్, లోపల రుష్దీ ఊపిరి..."

"రుష్దీ ఊపిరి నీ నాలుక మీదుంది. నా తాళంచెవిలో లేదు."

వీధంతా పైకే చూస్తోంది. వెనక గదిలో సిలిండరు బుసబుస సన్నబడింది. కుర్చీ కిర్రుమంది. ఎవరో లేచి నిలబడ్డారు. లమీస్ అడుగులు బాల్కనీ వైపు రావడం ఇన్‌సాఫ్‌కు వినబడింది.

ఆమె తిరిగి చూడలేదు. చూస్తే, వీధి మొత్తం ఆ చూపు పట్టుకుని లోపలికి వచ్చేస్తుంది.